పాత యూరప్ బొమ్మల్లో మన దేవుళ్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

యూరప్‌లో మూడు నాలుగు వందల ఏళ్ల కిందట రాగి రేకుల మీద చెక్కి అచ్చేసిన హిందూ దేవతల బొమ్మల గురించి పోయిన సంచికలో ఒక చిన్న పరిచయం వేశాం. దానికి వచ్చిన ఉత్తరాలన్నింటికీ ఇక్కడ చోటు చాలదు, అందుకని ఎక్కువమంది అడిగినవి ఏరి జవాబులు రాస్తున్నాను. కొందరు ఫోటోలు కూడా పంపారు, వాళ్లకు ప్రత్యేకంగా థ్యాంక్స్. బొమ్మ చూడకుండా ఈ విషయంలో ఏదీ గట్టిగా చెప్పలేం.

ప్రశ్న: మా అబ్బాయి నెదర్లాండ్స్‌లో చదువుకుంటున్నాడు. అక్కడ పాత పుస్తకాల షాపులో మత్స్యావతారం బొమ్మ కొని పంపాడు. చేప నోట్లోంచి స్వామి నడుము దాకా బయటికి వచ్చి ఉన్నాడు. నాలుగు చేతులూ ఉన్నాయి కానీ ముఖం, కండలు తెల్లవాళ్లవిలా ఉన్నాయి, ఒడ్డున చెట్లు కూడా మనవి కావు. ఇది ఎప్పటిది, ఎవరు చేసి ఉంటారు? (విజయవాడ)

అమ్మా, మీరు పంపిన ఫోటోలో బొమ్మ పైన మూల పేజీ నంబరు, కింద రెండు ముక్కల అక్షరాలు కనిపిస్తున్నాయి కానీ ఫోకస్ సరిగ్గా లేక చదవలేకపోయాను. ఆ అక్షరాలే మనకు ముఖ్యం. మత్స్యావతారాన్ని ఇలా చూపించిన పుస్తకాలు యూరప్‌లో ఒకటి కాదు, కనీసం నాలుగైదున్నాయి, అన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చినవే. 1667లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అథనేసియస్ కిర్షర్ అనే జెస్యూట్ (ఒక కేథలిక్ సంఘానికి చెందిన) పండితుడి లాటిన్ పుస్తకం ఒకటి వచ్చింది. పేరుకు చైనా గురించి రాసిన పుస్తకమైనా అందులో దశావతారాల బొమ్మలున్నాయి. ఆయన ఇండియా రాలేదు. ఆగ్రాలో ఉండి సంస్కృతం నేర్చుకున్న హైన్రిష్ రోత్ అనే మరో జెస్యూట్ ఆ సమాచారాన్ని ఆయనకు అందించాడు. 1672లో మళ్లీ ఆమ్‌స్టర్‌డామ్‌లోనే రెండు డచ్ పుస్తకాలు, ఒకటి ఫిలిప్పస్ బాల్డియస్‌ది, ఇంకొకటి ఓల్ఫెర్ట్ డాపర్‌ది. బాల్డియస్ సిలోన్‌లో, జాఫ్నాలో పాదరీగా పని చేసిన మనిషి. మలబారు, కోరమాండల్ తీరాల గురించి రాశాడు, అంటే మన బందరు వైపు సంగతులు కూడా ఆయన పరిధిలోవే. డాపర్ మాత్రం దేశం దాటకుండా ఇంట్లో కూర్చుని, ఇతరులు రాసినవి చదివి అంత పెద్ద పుస్తకం తయారు చేశాడు. ఆ తర్వాత 1723 నుంచి బెర్నార్ పికార్ బొమ్మలతో ప్రపంచంలోని అన్ని మతాల ఆచారాల మీద సంపుటాలు వచ్చాయి. ఆయనా ఇక్కడికి రాలేదు, మన అవతారాల బొమ్మలకు అంతకు ముందు పుస్తకాల్లోవే చూసుకున్నాడు.

కాబట్టి ముందు బొమ్మ చుట్టూ ఉన్న అక్షరాలు ఏ భాషో చూడండి. లాటిన్ అయితే కిర్షర్ వైపు, డచ్ అయితే బాల్డియస్ లేదా డాపర్, ఫ్రెంచ్ అయితే పికార్ మొదటి ముద్రణ కావచ్చు. ఇంగ్లిష్ అయితే కొంచెం జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే బాల్డియస్ పుస్తకం 1700ల మొదట్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది, పికార్ సంపుటాలు 1730లలో వచ్చాయి. కాగితం వెనక వైపు కూడా తిప్పి చూడండి, అచ్చు వచనం ఉంటే అది పుస్తకం పేజీ మధ్యలో వేసిన బొమ్మ అని తేలిపోతుంది, ఆ వచనంలో ఒక్క లైను ఫోటో తీసి పంపితే ఏ పుస్తకమో పట్టుకోవడం చాలా తేలిక.

ఇంక ఆ తెల్ల ముఖం సంగతి. చెక్కినవాడికి మనిషి ఒంటిని గీయడం నేర్పింది గ్రీకు, రోమన్ శిల్పాలు, అందుకని ఏ దేశం దేవుడైనా అతని చేతిలో ఆ కండలే వస్తాయి. కానీ మీ బొమ్మలో నాకు బాగా నచ్చింది ఆ చేప నోరు. మన వైపు గుళ్లలో మత్స్యావతారం ఎలా ఉంటుంది? నడుము పైన స్వామి, కింద చేప తోక. చేప నోట్లోంచి స్వామి బయటికి వచ్చే పద్ధతి ఉత్తరాది సూక్ష్మచిత్రాల్లో ఎక్కువ. అంటే ఆమ్‌స్టర్‌డామ్‌లో రాగి రేకు ముందు కూర్చున్నవాడి దగ్గరికి, ఎన్ని చేతులు మారి వచ్చిందో కానీ, ఒక భారతీయ చిత్రకారుడి పద్ధతి చేరింది. ఇది ఊహ మాత్రమే కాదండీ, 1658లో ఫిలిప్ ఏంజెల్ అనే డచ్ చిత్రకారుడు, డచ్ ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి, దశావతారాల మీద బొమ్మలతో ఒక రాతప్రతి తయారు చేశాడు. బాల్డియస్ దశావతారాల భాగానికి అది పెద్ద ఆధారం, అయినా ఆ పేరు చెప్పకుండానే వాడుకున్నాడు. ఏ పాత బొమ్మ చేతికొచ్చినా నేను మొదట అడిగే ప్రశ్న ఒకటే, దీన్ని చెక్కినవాడి కళ్ల ముందు ఏముంది? విగ్రహమా, మనవాళ్లు వేసిన చిత్రమా, ఇంకో పుస్తకమా, లేక ఎవరో చెప్పిన మాటేనా?

ప్రశ్న: ఇంటర్నెట్‌లో "కాలికట్ దేవుడు" అని ఒక బొమ్మ చూశాను. కొమ్ములు, కోరలు, పక్షి గోళ్ల కాళ్లు, నెత్తిన మూడు అంచెల కిరీటం, మనుషుల్ని తింటున్నాడు. చాలా కోపం వచ్చింది. మనల్ని అవమానించడానికే కదా ఇలా వేశారు? (వరంగల్)

కోపం రావడంలో తప్పేమీ లేదు, ఆ బొమ్మ మొదటిసారి చూసినప్పుడు నాకూ మనసు చివుక్కుమంది. దాని కథ ఇది. లుడోవికో డి వర్తెమా అనే ఇటలీ యాత్రికుడు కాలికట్ వచ్చి వెళ్లి, 1510లో తన యాత్ర గురించి పుస్తకం అచ్చేశాడు. అక్కడి రాజుగారి గుడిలో లోహంతో చేసిన దెయ్యం కూర్చుని ఉందని, నెత్తిన పోప్ కిరీటం లాంటిది ఉందని, ఆత్మల్ని తింటోందని రాశాడు. 1515లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఆ పుస్తకాన్ని బొమ్మలతో వేసినప్పుడు యోర్గ్ బ్రాయ్ అనే చిత్రకారుడు ఆ వర్ణన చదివి చెక్క మీద బొమ్మ గీశాడు. అతను కేరళ గుడి చూడలేదు, మన విగ్రహం ఒక్కటి కూడా అతని ముందు లేదు. ఉన్నదల్లా వర్తెమా మాటలు, తను చిన్నప్పటి నుంచి చర్చి గోడల మీద చూసిన నరకం బొమ్మలు. కొమ్ములు, గోళ్లు, మనుషుల్ని మింగడం అన్నీ అక్కడివే. అందుకే ఆ బొమ్మలో మన దేవుడి జాడ వెతికినా దొరకదు.

అవమానం లేదని నేను అనను. క్రైస్తవం కానిదంతా సైతాను పని అని గట్టిగా నమ్మిన కాలం అది, ఆ నమ్మకం ఆ బొమ్మ నిండా ఉంది, దాని ప్రభావం ఆ తర్వాత చాలా దశాబ్దాలు పోలేదు. కానీ యూరప్‌వాళ్లందరూ, అన్ని కాలాల్లోనూ ఇలాగే వేశారని ఈ ఒక్క బొమ్మ చూపించి చెప్పడం సరి కాదు. ఇప్పుడు షేర్ అవుతున్న పోస్టుల్లో జరుగుతున్నది అదే. పికార్ సంపుటాల్లో యూదుల పెళ్లి, కేథలిక్కుల ఊరేగింపు, మన అవతారాలు అన్నీ ఒకే పుస్తకంలో, ఒకే శ్రద్ధతో చెక్కిన బొమ్మలుగా కనిపిస్తాయి. 1723లో అలా పక్కపక్కన పెట్టడమే పెద్ద సాహసం. ఆ రెండింటికీ మధ్య రెండొందల ఏళ్లు ఉన్నాయి, మన తీరాన ఓడలు దిగి, పులికాట్‌లోనూ బందరులోనూ ఏళ్ల తరబడి ఉండి, పండితుల్ని కూర్చోబెట్టుకుని అడిగి తెలుసుకున్నవాళ్లున్నారు. పులికాట్‌లో పాదరీగా ఉన్న అబ్రహాం రోజేరియస్ పద్మనాభుడనే బ్రాహ్మణుడి దగ్గర విని రాసుకున్నదంతా 1651లో లైడెన్‌లో పుస్తకంగా వచ్చింది. భర్తృహరి సుభాషితాలు యూరప్ భాషలోకి మొదట వెళ్లింది ఆ పుస్తకంతోనే.

ప్రశ్న: నా దగ్గర ఉన్న విష్ణుమూర్తి ఎన్‌గ్రేవింగ్‌లో చక్రం ఎడమ చేతిలో, శంఖం కుడి చేతిలో ఉన్నాయి. నకిలీదా? (రాజమహేంద్రవరం)

చాలా మంచి ప్రశ్న. రాగి రేకు మీద ఎలా చెక్కితే కాగితం మీద దానికి అద్దంలో బొమ్మ పడుతుంది. ఎదురుగా ఒక చిత్రం పెట్టుకుని దాన్ని ఉన్నది ఉన్నట్టు రేకు మీదికి దించితే అచ్చులో కుడి ఎడమలు మారిపోతాయి. జాగ్రత్తపరుడైతే ముందే తిప్పి గీసుకుంటాడు, తొందరలో ఉన్నవాడు అంత శ్రమ పడడు. తిరగబడిన అచ్చును చూసి ఇంకొకడు మళ్లీ చెక్కితే అది మళ్లీ సరైన వైపుకి వస్తుంది, అందుకే ఒకే అవతారం ఒక పుస్తకంలో కుడికి తిరిగి, ఇంకో పుస్తకంలో ఎడమకి తిరిగి ఉంటుంది.

అయితే విష్ణుమూర్తి విషయంలో చేతుల్ని మాత్రమే చూసి తేల్చకూడదు. మనం ఆచమనంలో చెప్పుకునే కేశవ నామాలు ఇరవై నాలుగు ఉన్నాయి కదా, శిల్పశాస్త్రంలో ఆ ఇరవై నాలుగు మూర్తులకూ తేడా శంఖ చక్ర గదా పద్మాలు ఏ చేతిలో ఏది ఉందన్న దాన్ని బట్టే. కాబట్టి చక్రం ఎడమ చేతిలో ఉన్న మూర్తి నిజంగానే ఉండొచ్చు. జందెం చూడండి. అది ఎడమ భుజం మీంచి కుడి పక్కకి దిగాలి. మీ బొమ్మలో స్వామి కుడి భుజం మీద జందెం ఉంటే బొమ్మ మొత్తం తిరగబడిందని దాదాపుగా నమ్మొచ్చు. వినాయకుడైతే దంతం చూడండి, మామూలుగా విరిగేది కుడి దంతం. మనుషులున్న బొమ్మ అయితే అందరూ ఎడమ చేత్తో కత్తి పట్టుకున్నారా, ఎడమ చేత్తో హారతి ఇస్తున్నారా అన్నది చూస్తే చాలు.

తిరగబడినంత మాత్రాన నకిలీ కాదు, పైగా పాత పద్ధతిలో చేసిందనడానికి అదొక గుర్తు. దాన్ని లోపం అనుకుని తక్కువకి అమ్మేయకండి.

ప్రశ్న: ఇలాంటి బొమ్మను పూజ గదిలో పెట్టుకోవచ్చా? (కాకినాడ)

మీ ఇంటి ఆచారం మీద నేను తీర్పు చెప్పలేను. నా మటుకు నేనైతే పెట్టను, కారణం శాస్త్రం కాదు, దీపం పొగ, అగరుబత్తి, కుంకుమ నీళ్లు. మూడొందల ఏళ్లు నిలిచిన కాగితం అక్కడ పదేళ్లకే పాడైపోతుంది. హాల్లో పెట్టుకుని దండం పెట్టుకుంటే ఎవరూ కాదనరు.

ప్రశ్న: ఎప్పుడు చూసినా దశావతారాలు, శివుడు, వినాయకుడే. మా ఎల్లమ్మ, పోచమ్మలాంటి తల్లులు ఈ యూరప్‌వాళ్ల పుస్తకాల్లో ఎక్కడైనా ఉన్నారా? (నల్గొండ)

ఈ ప్రశ్న కోసం ఎదురు చూస్తున్నాను. మీరన్నది నిజం, అవతారాలకు దక్కిన చోటు అమ్మవార్లకు దక్కలేదు, ఎందుకంటే ఈ పుస్తకాలు రాసినవాళ్లు ఎక్కువగా బ్రాహ్మణుల్నీ పండితుల్నీ అడిగి రాసుకున్నారు, వాళ్లు పురాణం చెప్పారు, ఊరి చివర వేపచెట్టు కింద ఉన్న తల్లి గురించి చెప్పలేదు. కానీ ఒక గొప్ప మినహాయింపు ఉంది.

పియెర్ సొనెరా అనే ఫ్రెంచ్ ప్రకృతి శాస్త్రవేత్త 1774 నుంచి 1781 వరకు ఈ వైపు ప్రయాణాలు చేశాడు, పుదుచ్చేరి ప్రాంతం బాగా తెలిసినవాడు. 1782లో పారిస్‌లో రెండు సంపుటాలు వేశాడు, 140 బొమ్మలు. అందులో దేవతల బొమ్మలు డచ్ పుస్తకాల్లో ఉన్నవాటి కంటే మనకు చాలా దగ్గరగా అనిపిస్తాయి. కిరీటాలు, కూర్చునే తీరు, వాహనాలు మన దక్షిణాది గుళ్లలో చూసినవే. దక్షిణాది విగ్రహాలు, చిత్రాలు అతని కళ్లతో చూసినవి కాబట్టే ఆ తేడా. ఆ పుస్తకంలో మారియాతాలె అనే అమ్మవారి కథ రాశాడు. ఆమె జమదగ్ని భార్య, పరశురాముడి తల్లి. కుండ లేకుండా నీళ్లను ముద్దలా చేసి తెచ్చేంత మహిమ ఆమెది. ఒకరోజు చెరువు నీళ్లలో ఆకాశాన పోతున్న గంధర్వుల నీడ చూసి ఒక్క క్షణం మనసు చలించింది, నీళ్లు జారిపోయాయి. జమదగ్ని కొడుకుతో తల్లి తల నరికించాడు, కొడుకు ఏడిస్తే బతికించుకోమన్నాడు, ఆ పిల్లవాడు ఆత్రంలో తల్లి తలను అక్కడే శిక్ష పడి చనిపోయిన అంటరాని కులపు స్త్రీ మొండేనికి అతికించాడు. ఆ తల్లే మశూచి నుంచి కాపాడే దేవతగా వెలిసింది.

ఈ కథ మీకు కొత్తేమీ కాదు కదా! ఇసుకతో కుండ చేసి నీళ్లు తెచ్చిన రేణుక, పరశురాముడు, మాతంగి అంటూ మన ఎల్లమ్మ కథ చెప్పేవాళ్లు జమిడిక వాయిస్తూ రాత్రంతా చెప్పేది ఇదే కథ. పుదుచ్చేరి వైపు మారియమ్మ పేరుతో విన్నాడు కాబట్టి ఆ పేరుతో రాశాడు. సొనెరా పుస్తకం చదివిన జర్మన్ మహాకవి గోథే మనసులో ఈ కథ ఏళ్ల తరబడి ఉండిపోయింది, చివరికి 1824లో మూడు భాగాల కవితగా అచ్చయింది. తల ఒక కులానిది, ఒళ్లు ఇంకో కులానిది అయిన తల్లి బాధ ఆ కవితలో ప్రధానం. మన ఊళ్లలో ఎల్లమ్మ పండగ దగ్గర వినే కథ వైమార్‌లో ఒక మహాకవిని అంతగా కదిలించిందంటే నాకు ఎప్పుడు తలుచుకున్నా ఒళ్లు పులకరిస్తుంది. జానపదాల మీద పనిచేసే విద్యార్థులు ఎవరైనా ఈ రెండు కథల్నీ పక్కన పెట్టుకుని రాస్తే మా పత్రికలో వేస్తాం, నిజంగానే రాయండి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో "1700ల నాటి ఒరిజినల్, చేత్తో రంగులు వేసింది" అని అమ్ముతున్నారు. కొనే ముందు ఏం చూడాలి? (హైదరాబాద్, విశాఖపట్నం, ఇంకా చాలామంది)

భూతద్దం ఒకటి కొనుక్కోండి, పది రెట్లు పెద్దది చేసి చూపించేది చాలు. నల్ల గీత దగ్గర పెట్టి చూడండి. పాత ఎన్‌గ్రేవింగ్‌లో గీత ఒకే నల్లటి ధారగా ఉంటుంది, మొదట్లో సన్నగా మొదలై మధ్యలో లావై చివర మళ్లీ సూదిలా ముగుస్తుంది. రాగిలో పనిముట్టు దిగి పైకి లేచిన జాడ అది. సిరా కాగితం మీద కొంచెం ఉబ్బెత్తుగా వేలికి తగులుతుంది కూడా. అదే చోట చిన్న చిన్న రంగు చుక్కలు కనిపిస్తే అది ఈ మధ్య ప్రింటర్ మీద తీసిన కాపీ, ఇక మాట్లాడేదేమీ లేదు. తర్వాత బొమ్మ చుట్టూ దీర్ఘచతురస్రంగా కాగితం లోపలికి నొక్కుకున్న గీత ఉందా చూడండి, ప్రెస్సులో రేకు అంచు దిగిన గుర్తు అది. అంచులు కత్తిరించేస్తే ఇది కనపడకపోవచ్చు. కాగితాన్ని వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే 1750లకు ముందు కాగితంలో దగ్గర దగ్గరగా సన్నటి గీతలు, వాటికి అడ్డంగా రెండు మూడు సెంటీమీటర్ల ఎడంతో ఇంకో వరస గీతలు కనిపిస్తాయి.

రంగుల గురించి ఒక్క మాట. 1600, 1700ల నాటి ఈ దేవతల బొమ్మలు ఎక్కువగా నలుపు తెలుపులోనే వచ్చాయి. రంగులున్నాయంటే చాలాసార్లు ఈ మధ్య అమ్మకం కోసం వేసినవే. "చేత్తో వేసింది" అన్నది నిజమే అయుండొచ్చు, ఎప్పుడు వేశారన్నది చెప్పరు.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. ఇప్పుడు విడిగా అమ్ముడయ్యే బొమ్మల్లో ఎక్కువ భాగం నిండు పుస్తకాల్లోంచి కోసి తీసినవి. పుస్తకంగా అమ్మితే వచ్చే దానికంటే విడి బొమ్మలుగా అమ్మితే ఎక్కువ వస్తుందని కొందరు వ్యాపారులు సంపుటాన్ని విప్పేస్తారు. దాంతో బొమ్మ పక్కన ఉన్న వచనం, అది ఎవరు చెప్పగా విని రాశారన్న వివరం, అంతా పోతుంది. ఎప్పుడో విడిపోయిన బొమ్మ కొనడం వేరు, కానీ అమ్మేవాడు "అదే పుస్తకంలోవి ఇంకా నలభై ఉన్నాయి, ఏది కావాలి" అంటున్నాడంటే దయచేసి కొనకండి. మనం కొంటే అతను రేపు ఇంకో పుస్తకం మీద కత్తి పెడతాడు.

ప్రశ్న: హైదరాబాద్‌లో మా నాన్నగారి దగ్గర ఎడ్వర్డ్ మూర్ పుస్తకంలోని బొమ్మలు కొన్ని ఫ్రేముల్లో ఉన్నాయి. డాలస్ తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టుకోవాలని ఉంది. (డాలస్, అమెరికా)

సూట్‌కేసులో పెట్టుకుని బయల్దేరొద్దు. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలు పురావస్తువుల కిందికి వస్తాయి, వాటిని ప్రైవేటు వ్యక్తులు దేశం బయటికి తీసుకెళ్లడం కుదరదు. మూర్ పుస్తకం 1810 నాటిది. అది యూరప్‌లో అచ్చయింది కదా అని ఎయిర్‌పోర్టులో వాదించే టెన్షన్ మీకెందుకు, ముందే పురావస్తు శాఖవాళ్లకు చూపించి రాతపూర్వకంగా తెలుసుకోండి.

మీ నాన్నగారికి ఇంకో మాట చెప్పండి. మూర్ బొంబాయి వైపు బ్రిటిష్ ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసిన అధికారి, ఆ పుస్తకంలో చాలా బొమ్మలు ఆయన సేకరించుకున్న చిన్న చిన్న లోహ విగ్రహాలను ఎదురుగా పెట్టి గీయించినవి, అందుకే నీడలు పెద్దగా లేకుండా శుభ్రమైన గీతలతో ఉంటాయి. ఆయన సేకరించిన విగ్రహాలు కొన్ని ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, కాబట్టి ఇంట్లో ఉన్న బొమ్మకూ అక్కడున్న విగ్రహానికీ పోలిక కుదురుతుందేమో వెతికి చూడొచ్చు. పాత ఫ్రేముల వెనక అట్ట గోధుమ రంగుకి తిరిగి ఉంటే అది ఆమ్లం, బొమ్మకీ పాకుతుంది, మార్పించండి. ఎండ పడే గోడ వద్దు. సెల్లోటేపు, లామినేషన్ మాట ఎత్తనే వద్దు.

ప్రశ్న: కొనే స్తోమత లేదు, చూడాలని మాత్రం ఉంది. (ఖమ్మం)

కొనాల్సిన పనే లేదు. పికార్, బాల్డియస్, సొనెరా, మూర్ పుస్తకాలు పూర్తిగా స్కాన్ చేసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో, ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి గాలికా సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. విడి బొమ్మలకు లండన్ వెల్‌కమ్ కలెక్షన్, ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం సైట్లు చూడండి, పెద్ద సైజులో డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. వెతికేటప్పుడు దేవుడి పేరుతో కాకుండా పుస్తకం వేసినవాడి పేరుతో వెతకండి, అప్పట్లో మన పేర్లు ఎవరికి ఎలా వినపడితే అలా రాసుకున్నారు కాబట్టి దేవుడి పేరు కొడితే సగం బొమ్మలు బయటికి రావు. సెల్‌ఫోన్ మీద కాకుండా ఏదైనా పెద్ద స్క్రీన్ మీద, ముందు సొనెరాతో మొదలుపెట్టండి, మన కళ్లకు తొందరగా అలవాటయ్యేవి అతని బొమ్మలే. వాటి తర్వాత డచ్ పుస్తకాలు తెరవండి.